రూపాయలలోకి మార్చని జీతం

విదేశీ ఉద్యోగం అనే మాట చెవిన పడగానే మన ఇండ్లలో మొట్టమొదట జరిగే పని హెచ్చవేత. సౌదీ రియాల్‌ను, కువైట్ దీనార్‌ను రూపాయలలోకి హెచ్చించడం మన వీధులలో ఐదో తరగతి పిల్లవాడికి కూడా వచ్చు. ఆ లెక్క చాలాకాలం నిజమైంది కూడా. గల్ఫ్‌కు వెళ్ళే మనిషి సాధారణంగా ఒంటరిగా వెళతాడు. కంపెనీ చూపిన గదిలో మరికొందరితో కలిసి ఉంటాడు. అతని జీతం మీద ఆదాయపు పన్ను ఉండదు. తన తిండికి కొంత ఉంచుకుని మిగిలినదంతా ఇంటికి పంపుతాడు. సంపాదన రియాళ్ళలో వస్తుంది, సంసారం మాత్రం కర్నూలు ధరలలో నడుస్తుంది. హెచ్చవేతకున్న బలమంతా అక్కడే ఉంది.

భార్యాబిడ్డలను వెంటబెట్టుకుని వెళ్ళి, అక్కడే బియ్యం కొని, అక్కడే అద్దె కట్టి, అక్కడి బడిలో పిల్లలను చేర్పించి బ్రతికే కుటుంబానికి ఈ లెక్క పనికిరాదు. 2023 మార్చి మొదటివారం నుండి మేము దక్షిణ అమెరికాలోని ఉరుగ్వే దేశ రాజధాని మాంటెవిడియోలో కాపురముంటున్నాము. మొదటి రోజు నుండి రాసిన లెక్కల పుస్తకం నా దగ్గర భద్రంగా ఉంది. అందులోని కొన్ని పుటలను పఠితల ముందు ఉంచాలన్నది నా ఉద్దేశం. ఆ పుటల మీదనే మా ఆడపడుచు పెండ్లి, మా మామయ్యగారు చేయబోయిన అప్పు రెండూ ఆధారపడవలసి వచ్చింది మరి.

ఉరుగ్వే అంటే చాలామందికి ఫుట్‌బాల్ తప్ప మరేమీ గుర్తుకు రాదు. బ్రెజిల్, అర్జెంటీనాల నడుమ సముద్రపుటొడ్డున ఉన్న చిన్న దేశమిది. దేశం మొత్తం జనాభా 35 లక్షలు, అంటే ఒక్క హైదరాబాదు నగరంలో సగం కూడా ఉండదు. ఇంత దూరానికి తెలుగువారు ఎట్లా చేరారంటే, దారి వేసింది సాఫ్ట్‌వేర్ పరిశ్రమ. టాటా కన్సల్టెన్సీ సర్వీసెస్ 2002లోనే మాంటెవిడియోలో తన కేంద్రాన్ని తెరిచింది. ఆ తరువాత మన దేశపు ఇంజనీర్లు ఒకరి వెంట ఒకరు వచ్చి పోతూనే ఉన్నారు. మావారు పనిచేసేది ఇక్కడి మరొక సంస్థలో. చుట్టుపక్కల దేశాలతో పోలిస్తే ఉరుగ్వేలో చట్టం బలమైనది. అదే సమయంలో దక్షిణ అమెరికాలోకెల్లా ఖరీదైన దేశాలలో ఇది ఒకటి. మొదటి మాట మాకు ముందే అందరూ చెప్పారు. రెండవది దుకాణాలే చెప్పాయి.

ఇక జీతం సంగతి. మావారికి కుదిరిన జీతం నెలకు 1,20,000 పెసోలు. ఆ రోజులలో ఒక పెసో రెండు రూపాయలకు కొద్దిగా పైన ఉండేది. కర్నూలులో మా బంధువులు కూర్చుని హెచ్చవేస్తే రెండున్నర లక్షల పైచిలుకు తేలింది. ఆ అంకె మేము విమానం ఎక్కకముందే పాతబస్తీ దాటి నంద్యాల దాకా పోయింది.

ఇక్కడ జీతానికి రెండు పేర్లున్నాయి. కాగితం మీద రాసేది ‘నొమినాల్’, చేతికి వచ్చేది ‘లీకిదో’. నొమినాల్ నుండి 15 శాతం పెన్షను నిధికి పోతుంది. ఆరోగ్య నిధికి పోయేది కుటుంబాన్ని బట్టి మారుతుంది. భార్య, పిల్లలు ఉన్న మావంటివారికి అది 8 శాతం. ఆ పైన ఆదాయపు పన్ను. ఇవన్నీ పోగా మావారి చేతికి వచ్చింది 81,600 పెసోలు. అంటే బంధువుల హెచ్చవేతలో మూడవవంతు భాగం ఒక్క ఉల్లిపాయ కూడా కొనకముందే కరిగిపోయింది. పోయినదంతా వృథా అనను. ఆ 8 శాతంతోనే నలుగురికీ వైద్యం అందుతోంది, ఆ మాట తరువాత చెబుతాను. కాని ఇంటికి పంపగల సొమ్ము లెక్కించేటప్పుడు నొమినాల్‌ను ముట్టుకోనే కూడదు.

అన్నిటికన్నా బరువైనది ఇల్లు. అద్దె సంగతి ఎవరైనా అంచనా వేసుకుంటారు. ‘గారంతీయా’ సంగతి ఇక్కడికి వచ్చినవారికి గాని తెలియదు. ఇక్కడ ఇంటి యజమాని మన ముఖం చూసి తాళం ఇవ్వడు. అద్దె చెల్లిస్తారని పూచీ కావాలి. స్థిరమైన ఉద్యోగంలో కొంతకాలం ఉన్నవారికి ఆ పూచీ ఇచ్చే సంస్థలున్నాయి. నిన్న దిగిన పరదేశికి అవి సాధారణంగా ఇవ్వవు. అప్పుడు మిగిలిన దారి ఐదారు నెలల అద్దెను బ్యాంకులో డిపాజిట్టుగా కట్టడం. మాకు దొరికిన రెండు గదుల ఇంటి అద్దె 29,000 పెసోలు. ఐదు నెలల డిపాజిట్టు 1,45,000. ఇల్లు చూపిన ఏజెంటుకు ఒక నెల అద్దె, దాని మీద 22 శాతం పన్ను, కలిపి 35,380. మొదటి నెల అద్దె 29,000. గుమ్మంలో కాలు పెట్టకముందే 2,09,380 పెసోలు కావలసి వచ్చాయి. ఇంకా మంచం లేదు, దుప్పటి లేదు, గిన్నె లేదు.

ఆ మొత్తంలో కొంత మేము దాచుకున్నది. మిగిలినది మా మేనమామ కర్జె హసనగా ఇచ్చాడు. అల్లాహ్ ఆయనకు మేలు చేయుగాక! మాంటెవిడియోలో ప్రధాన వీధిలో నాలుగడుగులు నడిస్తే చాలు, గుర్తింపు కార్డు చూపి అప్పు తీసుకుపొమ్మని పిలిచే దుకాణాలు కనిపిస్తాయి. వాటి అద్దాల మీద వాయిదా మొత్తమే పెద్ద అక్షరాలతో ఉంటుంది. వడ్డీ సంగతి అడుగున చీమ తలంత అక్షరాలలో ఉంటుంది. ఇల్లు దొరకక అద్దెగదిలో మూడు వారాలున్న రోజులలో రోజూ ఆ దుకాణాల ముందు నుండే నడిచి వెళ్ళేవాళ్ళము. విదేశానికి వెళ్ళదలచిన కుటుంబం విమాన టికెట్ కన్నా ముందు ఈ మొదటి నెల సొమ్మును సమకూర్చుకోవాలి. అది లేకపోతే వడ్డీ గడప తొక్కడం తప్ప వేరే మార్గం ఉండదు.

అద్దెతోపాటు ప్రతి నెలా ‘గాస్తోస్ కొమూనెస్’ అనే మరొక పద్దు ఉంటుంది. భవనంలోని లిఫ్టు, మెట్ల దీపాలు, కాపలాదారు జీతం, గోడల మరమ్మతు, వీటన్నిటి ఖర్చునూ ఇండ్లవారీగా పంచుతారు. మా వాటా 5,500 పెసోలు. ఇల్లు వెతికేటప్పుడు ప్రకటనలో ఈ అంకె విడిగా, చిన్నగా ఉంటుంది. చవకగా కనిపించిన ఒక ఇంటికి ఇది 11,000 ఉన్నదని తెలిసి మేము వెనక్కి తిరిగాము.

ఇప్పుడు వంటింటికి వద్దాము. నా పుస్తకంలో ఎక్కువ పుటలు దానివే.

ఇక్కడ ‘ఫేరియా’ అని వీధి సంతలు జరుగుతాయి. మా పేటలో బుధవారం ఒక వీధిలో, శనివారం మరొక వీధిలో. కూరగాయలకు సూపర్ మార్కెట్టు కన్నా ఇవే మేలు. మధ్యాహ్నం దుకాణాలు ఎత్తివేసే వేళకు వెళితే ధర ఇంకా దిగుతుంది. మేము ఉల్లి పండే జిల్లావాళ్ళము. మా మార్కెట్ యార్డులో ధర పడిపోయి రైతు ఉల్లిని రోడ్డు మీద పారబోసిన రోజులు చూశాము. ఇక్కడ మొదటి శనివారం కిలో ఉల్లికి 55 పెసోలు ఇచ్చాను. మనసులో హెచ్చవేసుకుంటే 115 రూపాయలకు పైన. టొమాటో చలికాలంలో 150 పెసోలు దాటింది. ఆ సంగతి ఫోనులో చెబితే మా అత్తమ్మ, “అందులో వింతేముంది బేటీ, ఇక్కడా కిలో నూట యాభై అంటున్నారు,” అన్నది. 2023 జూలైలో మన రాష్ట్రంలో టొమాటో ధర ఎట్లా మండిపోయిందో పఠితలకు గుర్తుండే ఉంటుంది. ఆవిడ రూపాయలు చెప్పింది, నేను పెసోలు చెప్పాను. ఇద్దరమూ ఒకే అంకె చెప్పుకుని ఒకరినొకరు ఓదార్చుకున్నాము.

బియ్యం ఇక్కడ పండుతుంది. దేశపు తూర్పు జిల్లాలలో విస్తారంగా పండించి అందులో అధికభాగం విదేశాలకు అమ్ముతారు. అప్పట్లో కిలో 50 పెసోల చిల్లర ఉండేది. అది సోనామసూరి కాదు, అన్నం కొంచెం ముద్దగా అవుతుంది. అలవాటు చేసుకున్నాము. బాస్మతి కావాలంటే నాలుగింతలు పెట్టాలి, అది పండుగకే. కందిపప్పు కనబడదు. మసూర్ పప్పును పొట్టుతో అమ్ముతారు, శనగలు పుష్కలం. పచ్చిమిరపకాయ కోసం మూడు సంతలు తిరగాలి, చింతపండు కోసం ఎన్ని తిరిగినా లాభం లేదు. ఇక్కడివారు కారం తినరు. వాళ్ళ కారప్పొడి మన పిల్లలు పండ్ల ముక్కల మీద చల్లుకోవచ్చు. పాలు మాత్రం మంచివి, అప్పట్లో లీటరు 40 పెసోల పైచిలుకు ఉండేవి. పెరుగు ఇంట్లోనే తోడువేస్తాను. టీ పొడి ఖరీదు. ఇక్కడి జనం మగవారు, ఆడవారు అనే భేదం లేకుండా చంకలో వేడినీళ్ళ ఫ్లాస్కు ఇరికించుకుని ‘మాతే’ అనే ఆకు కషాయాన్ని గొట్టంతో పీలుస్తూ వీధులలో నడుస్తారు. తమాషా ఏమిటంటే ఆ ఆకు ఈ దేశంలో పండదు, చాలావరకు బ్రెజిల్ నుండి వస్తుంది. టీ పొడి విషయంలో నాకున్న బాధ మరోవిధంగా వాళ్ళకూ ఉన్నదని తెలిసి కొంత ఊరట కలిగింది.

మాంసం సంగతి వేరుగా చెప్పాలి. ఈ దేశంలో మనుషుల కన్నా పశువులు మూడింతలకు పైగా ఉన్నాయి. ప్రతి పశువు చెవికీ ఎలక్ట్రానిక్ బిళ్ళ ఉంటుంది. అది ఎక్కడ పుట్టిందో, ఎక్కడ మేసిందో ప్రభుత్వం దగ్గర లెక్క ఉంటుంది. ఆదివారం మధ్యాహ్నం ఏ వీధిలో నడిచినా నిప్పుల మీద కాలే మాంసం వాసన తగులుతుంది. వీధికొక ‘కార్నిసెరియా’, అంటే మాంసం దుకాణం ఉంది. ఖీమా అప్పట్లో కిలో సుమారు 350 పెసోలు ఉండేది. అది జబీహా కాదు. ఈ దేశపు కబేళాలలో హలాల్ పద్ధతిలో కోసే మాంసమూ ఉన్నది, కాని అది ఎగుమతి కోసం. ఓడలెక్కి ముస్లిం దేశాలకు వెళుతుంది, మా వీధి చివరి దుకాణానికి రాదు. ఇంత మాంసం నడుమ ఉండి మొదటి రెండు నెలలు మేము గ్రుడ్లు, చేపలు, పప్పుతో గడిపాము. మేము దిగిన మూడు వారాలలోపే రమజాన్ ప్రారంభమైంది. దక్షిణార్ధగోళంలో అది శరదృతువు. పదమూడు గంటల ఉపవాసం రోజురోజుకూ కొద్దికొద్దిగా చిన్నదవుతూ వచ్చింది. చిన్నవాడు సహరీలో గ్రుడ్డును చూసి ముఖం తిప్పుకునేవాడు.

ఆ తరువాత నమాజుకు వచ్చే నాలుగు కుటుంబాలు కలిసి ఒక ఏర్పాటు చేసుకున్నాయి. నెలకొకసారి మగవారు పక్క జిల్లా కానెలోనెస్‌లోని ఒక రైతు తోటకు వెళ్ళి, కోళ్ళను ప్రాణంతో కొని, అక్కడే జబహ్ చేసి, శుభ్రం చేసుకుని తెచ్చి పంచుకుంటారు. కోడి ఒకటికి 450 పెసోలు, ఆ పైన కారు పెట్రోలు. పెట్రోలూ ఇక్కడ చవక కాదు. లెక్క వేస్తే సూపర్ మార్కెట్టు కోడి కన్నా మా కోడి దాదాపు రెండింతలు. నగరంలో యూదుల కోషర్ మాంసం కూడా దొరుకుతుంది. గ్రంథప్రజల ఆహారం విషయంలో పండితుల అభిప్రాయాలు చదివిన ఒక కుటుంబం అది కొంటుంది. అదీ మామూలు మాంసం కన్నా ప్రియమే. మేము నెలకు ఆరు కోళ్ళతో సరిపెట్టుకుంటున్నాము. బక్రీదుకు మాత్రం ఆశ్చర్యం ఎదురైంది. అదే రైతు దగ్గర గొర్రెపిల్ల ఐదు వేల పెసోలలోపే దొరికింది. కర్నూలులో ఆ సొమ్ముకు అటువంటి జీవం రాదు. ఉరుగ్వేలో మన ఊరి కన్నా చవకగా నేను రాసుకున్న కొద్ది పద్దులలో ఖుర్బానీ ఒకటి.

జూన్‌లో చలి మొదలైంది. మంచు కురవదు గాని సముద్రపు తేమ గోడలలోకి, దుప్పట్లలోకి దిగుతుంది. మావంటి పాత భవనాలలో ఇల్లంతా వెచ్చబరిచే ఏర్పాటు లేదు. కరెంటు హీటరు పెట్టుకోవాలి. కరెంటు బిల్లు ఒక్కసారిగా పెరిగి 4,900 అయింది. మా ఎదురింటి ముసలావిడ ఆ బిల్లు చూసి, విద్యుత్ సంస్థలో ఒక పథకం ఉన్నదని చెప్పి, నా చేయి పట్టుకుని తీసుకువెళ్ళి చేర్పించింది. సాయంత్రం ఐదు నుండి రాత్రి పదకొండు లోపల మనము ఎంచుకున్న నాలుగు గంటలలో కరెంటు చాలా ప్రియం, మిగిలిన వేళలలో చవక. మేము ఏడు నుండి పదకొండును ఎంచుకున్నాము. అప్పటి నుండి ఏడు కొట్టేలోపు వంట, స్నానాలు, ఇస్త్రీ అన్నీ ముగియాలి. నీళ్ళు కాచే బాయిలరుకు గడియారపు మీట పెట్టించాము. పిల్లలు దీనికి ‘కరెంటు మగ్రిబ్’ అని పేరు పెట్టారు. వారించాను, మానలేదు.

ఆ సంవత్సరమే నీటి కరువు వచ్చింది. వానలు లేక మాంటెవిడియోకు నీరిచ్చే జలాశయం దాదాపు అడుగంటింది. మే నెల నుండి ప్రభుత్వం ఉన్న కాస్త మంచినీటిలో నదీముఖపు ఉప్పునీటిని కలిపి కొళాయిలలో వదిలింది. వజూ చేస్తుంటే పెదవులకు ఉప్పు తగిలేది. టీ పగిలిపోయేది. రక్తపోటు ఉన్నవారిని ఆ నీరు త్రాగవద్దన్నారు. సీసా నీళ్ళ మీద పన్ను ఎత్తివేశారు. అయినా మాకు త్రాగడానికి, వంటకు కలిపి జూలైలో 2,200 పెసోలు నీళ్ళకే పోయాయి. ఆగస్టులో వానలు పడేదాకా ఇదే తంతు. ఏ దేశపు ఖర్చుల పట్టికలోనూ నీళ్ళ కరువుకు ఒక గడి ఉండదు.

ఇన్ని చెప్పిన తరువాత తూకం సరిగా ఉండాలంటే రెండవ పళ్ళెం కూడా చూపాలి. పిల్లలిద్దరూ ప్రభుత్వ బడిలో చదువుతున్నారు, ఫీజు లేదు. 1877 నాటి చట్టం నుండి ఇక్కడ ప్రాథమిక విద్య ఉచితం, నిర్బంధం. డాక్టరు బిడ్డ, బట్టలుతికే ఆవిడ బిడ్డ ఒకే తెల్ల అంగీ, ఒకే నీలం రిబ్బను కట్టుకుని పక్కపక్కన కూర్చుంటారు. 2007లో మొదలైన పథకం కింద ప్రభుత్వ బడి పిల్లలకు కంప్యూటర్లు ఇస్తారు, మా పెద్దదానికీ వచ్చింది. కర్నూలులో వీళ్ళిద్దరి ప్రైవేటు బడి ఫీజులు, బస్సు, పుస్తకాలు కలిపి ఏడాదికి లక్షా పదివేల రూపాయలు కట్టేవాళ్ళము. వైద్యానికి ‘మూతువలిస్తా’ అనే పరస్పర వైద్య సంఘం ఒకటి ఎంచుకుని చేరాము. డాక్టరును చూసినప్పుడు, మందులు తీసుకున్నప్పుడు చిన్న చీటీ డబ్బులు కడితే చాలు. చిన్నవాడికి న్యుమోనియా వచ్చి నాలుగు రోజులు ఆసుపత్రిలో ఉన్నప్పుడు మేము చేతినుండి పెట్టినది బస్సు చార్జీలకే ఎక్కువ. అటువంటి నాలుగు రోజులు మన దగ్గర కార్పొరేటు ఆసుపత్రిలో గడిపినవారికి దీని విలువ నేను వివరించనవసరం లేదు. ఇంకొక మేలు ‘ఆగినాల్దో’. ఏడాదికి పదమూడవ జీతం, సగం జూన్‌లో, సగం డిసెంబరులో ఇస్తారు. అది చట్టం, యజమాని దయ కాదు.

అంటే ఈ దేశం మనిషిని పస్తు పెట్టదు. రోగం వస్తే వదలదు, పిల్లలకు చదువు చెబుతుంది. మిగల్చడం మాత్రం కష్టం. బ్రతకడానికి మంచి చోటు, పంపడానికి మంచి చోటు ఒకటే కానక్కరలేదు. మా ఇంట్లో చిక్కు అక్కడే వచ్చింది.

మా మామయ్యగారు కర్నూలులో సైకిలు దుకాణం నడిపి ముగ్గురు పిల్లలను పెంచిన మనిషి. వడ్డీకి తీసుకోలేదు, ఇవ్వలేదు. 2023 జూలైలో మా ఆడపడుచుకు ఒక సంబంధం వచ్చింది. అబ్బాయి తరఫువారు పెద్దమనుషుల తీరులోనే మాట్లాడారు. “మేము ఏమీ అడగము. అన్న విదేశంలో ఉన్నాడు, చెల్లెలికి ఏమి ఇచ్చుకుంటారో మీ ఇష్టం,” అన్నారు. ఏమీ అడగనివారి కోరికకు అంతు ఉండదని మన ఆడపిల్లల తండ్రులందరికీ తెలుసు. మాటల మీద మాటలు నడిచి అది కారు దాకా వచ్చింది. బంధువులలో ఒకాయన మామయ్యకు దారి చూపాడు. ఆరు లక్షలు నూటికి రెండు రూపాయల వడ్డీకి తీసుకోవచ్చునట. అబ్బాయి జీతం రెండున్నర లక్షలు కదా, నెలకు యాభైవేలు పంపినా ఏడాదిలో తీరిపోతుందట. హెచ్చవేత మళ్ళీ వచ్చింది, ఈసారి వడ్డీని వెంటబెట్టుకుని.

మావారు నోరు విప్పలేకపోయారు. కన్నతండ్రికి “నా దగ్గర లేదు” అని చెప్పడం కొడుకుకు ఎంత కష్టమో నేను చూశాను. అంతకన్నా, చెప్పినా నమ్మరన్న భయం. విదేశంలో ఉన్నవాడు లేదంటే ఇవ్వడం ఇష్టం లేదనే వినబడుతుంది. కోడలు ఆపిందన్న మాట కూడా ఆ వెనుకనే వస్తుంది.

ఆ రాత్రి నేను జూలై నెల పుటలను ఫోటోలు తీసి అత్తమ్మకు పంపాను. ఆమె చదువు ఏడవ తరగతి, లెక్క మాత్రం దుకాణదారు భార్య లెక్క. పుటలో ఉన్నది ఉన్నట్లుగా ఇక్కడ రాస్తున్నాను. చేతికి వచ్చిన జీతం 81,600. అద్దె 29,000. భవనం ఖర్చులు 5,500. కరెంటు 4,900. ఇంటర్నెట్టు, రెండు ఫోనులు 2,700. గ్యాసు 1,000. బస్సులు 4,200. తిండి 25,500. సీసా నీళ్ళు 2,200. వైద్యం చీటీలు 1,300. పిల్లల బూట్లు, బడి సామాను 1,800. మొత్తం 78,100. మిగిలినది 3,500 పెసోలు. పుటలన్నీ పెసోలలోనే ఉంచాను, రూపాయలలోకి నేను మార్చలేదు. ఆ పని ఆమెకే వదిలాను.

మరునాడు ఫోను చేసింది. సలాము తరువాత మొదటి ప్రశ్న, “బేటీ, నెలకు ఆరు కోళ్ళేనా?”

“అవును అమ్మీ.”

“పిల్లలకు చాలుతున్నాయా?”

చాలుతున్నాయన్నాను. కొంతసేపు ఏమీ మాట్లాడలేదు. తరువాత మిగిలిన 3,500కు తానే లెక్కకట్టి ఏడున్నర వేల రూపాయలని చెప్పింది. “అంటే ఇక్కడ మన దుకాణం కుర్రవాడికి ఇచ్చేదానికన్నా తక్కువ,” అన్నది. ఆ సొమ్ములో నుండి మా మేనమామ బాకీ కూడా తీరవలసి ఉన్నదని నేను చెప్పలేదు. ఆమెకు అది ముందే తెలుసు.

మామయ్యకు ఆమె ఏమి చెప్పిందో, ఎట్లా చెప్పిందో నాకు తెలియదు. ఆరు లక్షల మాట మళ్ళీ మా చెవిన పడలేదు. కారు లేదని తేలిన వారం రోజులకు ఆ సంబంధంవారు జాతకాల వంటి మాట మనలో ఉండదు కనుక “ఇస్తిఖారా అనుకూలంగా రాలేదు” అని కబురు పంపారు. మా ఆడపడుచు ఆ నెలంతా నాతో మాట్లాడలేదు. అది నాకు బాధ కలిగించలేదంటే అబద్ధమవుతుంది. సంబంధం ఆగిపోవడంలో నా పుస్తకానికి భాగం ఉన్నదని ఆమెకు తెలుసు. ఆ వయసులో నేనైనా అట్లాగే అనుకునేదాన్ని.

అల్లాహ్ దయవల్ల డిసెంబరులో నంద్యాలలో ఉపాధ్యాయుడిగా పనిచేసే ఒక అబ్బాయి తరఫున కబురు వచ్చింది. వాళ్ళ తండ్రి మామయ్య దుకాణానికి వచ్చి, బెంచీ మీద కూర్చుని, తమకు కావలసింది అమ్మాయి మాత్రమేనని చెప్పాడట. డిసెంబరు ఆగినాల్దో మావారి చేతికి 43,000 పెసోలు వచ్చింది. రూపాయలలో సుమారు తొంభైవేలు. పెసోలను డాలర్లలోకి, డాలర్లను రూపాయలలోకి మార్చేటప్పుడు రెండుచోట్లా కొంత పోతుంది, పంపినందుకు బ్యాంకు చార్జీ వేరు. అందుకే ప్రతి నెలా చిన్న మొత్తాలు పంపడం మానివేసి ఒక్కసారే పంపాము. 2024 ఫిబ్రవరిలో మసీదులో నికాహ్ జరిగింది. మా సొమ్ము బట్టలకు, అతిథుల భోజనానికి సరిపోయింది. మేము వెళ్ళలేదు. నలుగురి విమాన టికెట్ల ధర చూసి ఆ పుట మూసివేశాను. ఫోనులోనే చూశాము. మేజబాను మధ్యలో మామయ్య ఫోనును బిర్యానీ దేగిశాల వైపు తిప్పి మావారికి చూపించాడు, ఏమీ అనలేదు. ఆడపడుచు ఫోను తీసుకుని, “భాభీ, వచ్చేవారితో చింతపండు పంపిస్తాను,” అన్నది. మార్చిలో హైదరాబాదు నుండి వచ్చిన ఒకరు రెండు కిలోలు తెచ్చి ఇచ్చారు.

అత్తమ్మ ఇప్పటికీ ప్రతి నెలా ఆ పుట అడుగుతుంది. నేను పంపుతాను. ఆమె తన వైపు నుండి కర్నూలు ధరలు చెబుతుంది, నేను పక్కన రాసుకుంటాను. ఒక్కొక్క నెల రెండు వరుసలు చూస్తే నవ్వు వస్తుంది. వెల్లుల్లిలో మేము గెలుస్తాము, పాలలో వాళ్ళు గెలుస్తారు.

ఈమధ్య ఆదోని నుండి దూరపు బంధువు ఒకావిడ ఫోను చేసింది. వాళ్ళ అబ్బాయికి మాంటెవిడియోలోనే ఉద్యోగం కుదిరేట్లున్నదట, పెండ్లాన్ని, పసిబిడ్డను వెంట తెస్తాడట. “జీతం బాగానే చెప్పారమ్మా, మన లెక్కలో రెండు లక్షలు,” అన్నది. ఆ అంకె నొమినాల్‌దా, లీకిదోదా కనుక్కోమన్నాను. మొదటి రెండు నెలల బసను కంపెనీ భరిస్తుందా, ఇంటి గారంతీయాకు పూచీ ఇస్తుందా, ఉద్యోగం మధ్యలో పోతే తిరుగు టికెట్లు ఎవరివి, ఈ మూడూ కాగితం మీద రాసి ఇవ్వమని అడిగించమన్నాను. ఆవిడ కాగితం, కలం తెచ్చుకుని ‘లీకిదో’ అన్న మాటను రెండుసార్లు చెప్పించుకుని రాసుకున్నది. అబ్బాయి కంపెనీవారికి ఉత్తరం రాశాడట. జవాబు ఇంకా రాలేదు.